పిల్ల తాబేలు బతకాలంటే: రెండోసారి మొదలుపెట్టే ముందు

అమెరికాలో ఉన్న మన ఇళ్ళల్లో పిల్లలు పెంపుడు జంతువు కావాలని మారాం చేస్తే చాలామందికి తట్టే సులువైన మార్గం తాబేలు. మొరగదు, బొచ్చు రాల్చదు, రోజూ బయటికి తిప్పే పని లేదు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళని చూసి పెరిగినవాళ్ళకైతే తాబేలంటే కాస్త భక్తి కూడా. అలా ఇంటికొచ్చిన అగ్గిపెట్టంత పిల్ల రెండు నెలలు బాగానే తిరిగి, ఒక వారం తిండి మానేసి, ఒక పొద్దున కదలకుండా పడి ఉండటం చాలా ఇళ్ళల్లో జరిగే కథే. "ఎందుకు చచ్చిపోయింది నాన్నా?" అన్న ప్రశ్నకి జవాబు దొరక్కుండానే, పిల్లల ఏడుపు ఆపడానికి ఇంకో పిల్లని తెచ్చి అదే పెట్టెలో పెడతారు. పెట్టె మారకపోతే ఫలితం కూడా మారదు.

ఈ వ్యాసం ఒకసారి పోగొట్టుకుని, మళ్ళీ పెంచుదామనుకుంటున్నవారి కోసం. అమెరికాలో ఎక్కువగా పెంచే సల్కాటా అనే ఆఫ్రికా నేల తాబేలుని ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఇందులో చెప్పేదంతా నిజానికి మనకి అలవాటైన పనే: కొలవడం, నమోదు చెయ్యడం, చెడిపోయే చోట్లని ముందే ఊహించడం. తేడా అల్లా ఇక్కడ సర్వరు పడిపోతే మళ్ళీ లేపలేం.

ముందు కారణం వెతకాలి

మన ఉద్యోగాల్లో ఒక వ్యవస్థ కూలిపోతే "ఎవరు చేశారు" అని కాక "ఏం జరిగింది" అని రాసుకుంటాం. ఇక్కడా అదే పద్ధతి. చనిపోయిన పిల్లని పశువైద్య కళాశాలలకి అనుబంధంగా ఉండే రోగ నిర్ధారణ ప్రయోగశాలకి పంపి శవపరీక్ష చేయించవచ్చు. మీ పశువైద్యుడి ద్వారా పంపడం సులువు. ఒక్క జాగ్రత్త: శరీరాన్ని సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి కానీ ఫ్రీజర్‌లో కాదు. గడ్డకడితే కణాలు పగిలి సూక్ష్మదర్శినిలో చూడటానికి పనికిరావు. వీలైతే ఒకటి రెండు రోజుల్లోనే పంపాలి.

ఆ అవకాశం దాటిపోతే, గుర్తున్నంత వరకు కాగితం మీద పెట్టండి. ఎక్కడ కొన్నారు, ఎన్ని రోజుల పిల్ల, రోజూ నీళ్ళలో కూర్చోబెట్టారా, రాత్రి పెట్టెలో ఎంత చలి ఉండేది, దీపం ఏ రకం, ఏం తినేది, తూకం ఎప్పుడైనా చూశారా. ఇలా రాసుకుంటే ఒక విషయం చాలామందికి తెలిసివస్తుంది: సగం ప్రశ్నలకి జవాబుగా కొలతలే లేవు. రెండోసారి మారాల్సిన మొదటి సంగతి అదే.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. గుడ్డులోంచి వచ్చిన మొదటి వారాల్లో పొడిగా, నీళ్ళు లేకుండా ఉంచిన పిల్లలకి మూత్రపిండాలు దెబ్బతింటాయనీ, అవి కొత్త ఇంట్లో కొన్నాళ్ళు మామూలుగా తిని తిరిగి తర్వాత క్షీణించి పోతాయనీ అనుభవమున్న పెంపకందారులు చెబుతారు. అంటే పిల్ల మీ గుమ్మం దాటేసరికే నష్టం జరిగిపోయి ఉండవచ్చు. ఇది తప్పించుకోవడానికి చెప్పే సాకు కాదు. కొనే ముందు ఏం అడగాలో చెప్పే సమాచారం.

ఏ పిల్లని తెచ్చుకోవాలి

అమ్మేవారిని మూడు ప్రశ్నలు అడగండి. గుడ్డులోంచి వచ్చాక దేని మీద ఉంచారు? రోజూ నీళ్ళలో కూర్చోబెట్టారా? ఇప్పుడు తూకం ఎంత, గత నెల ఎంత? "ఎడారి తాబేలు కదా, నీళ్ళెందుకు" అన్న జవాబు వస్తే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల చేతిలోకి తీసుకుంటే బరువుగా అనిపిస్తుంది, కళ్ళు పూర్తిగా తెరిచి ఉంటాయి, ముక్కు పొడిగా ఉంటుంది, కాళ్ళు బలంగా తోస్తుంది.

అమెరికాలో చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. పిల్లలకి సాల్మొనెల్లా సోకడం ఎక్కువవడంతో, డిప్ప పొడవు 4 అంగుళాల కన్నా తక్కువ ఉన్న తాబేళ్ళని పెంపకానికి వ్యాపారంగా అమ్మడాన్ని ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1975లో నిషేధించింది. వ్యాపారంతో సంబంధం లేని చేతి మార్పిడికి మినహాయింపు ఉంది. 4 అంగుళాలు దాటేదాకా తేమలో, జాగ్రత్తగా పెంచిన పిల్ల దొరికితే అంతకన్నా మంచిది లేదు. ఖరీదు ఎక్కువైనా, అత్యంత ప్రమాదకరమైన నెలలు గడిచిపోయి ఉంటాయి. ఇంట్లో అయిదేళ్ళ లోపు పసివాళ్ళుంటే తాబేలు ఆలోచనే వాయిదా వెయ్యడం మేలు.

"ఒకటే అయితే బెంగ పెట్టుకుంటుంది, జంటగా తెద్దాం" అని కూడా అనుకుంటాం. నేల తాబేళ్ళు జంటగా సంతోషపడవు. రెండిట్లో ఒకటి రెండోదాన్ని తిండి దగ్గరా వేడి దగ్గరా అణగదొక్కుతుంది, కొట్లాట పైకి కనబడకపోవచ్చు కూడా. ఒక పెట్టెకి ఒకటే.

ఎడారి జంతువుకి తేమ ఎందుకు?

సల్కాటా సొంత చోటు సహారాకి దక్షిణపు అంచున ఉన్న సాహెల్ ప్రాంతం. ఎండ, దుమ్ము, వానలు కొద్ది నెలలే. అందుకని పొడి ఇసుక, వేడి దీపం ఉంటే చాలని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. కానీ సల్కాటా ఆ ఎండలో కూర్చోదు. నేలలోకి పొడవాటి బొరియ తవ్వుకుని, రోజులో ఎక్కువ భాగం అందులోనే గడుపుతుంది. బొరియలో గాలి పైన గాలిలా పొడిగా ఉండదు. మనం ఆ ఊరి వాతావరణ నివేదిక చూసి పెట్టె కట్టాం. తాబేలు ఉండేది ఆ నివేదికలో కాదు.

డిప్ప మీద పలకలు నున్నగా పెరగకుండా గోపురాల్లా లేవడాన్ని పిరమిడింగ్ అంటారు. మాంసకృత్తులు ఎక్కువవడం వల్ల ఇలా అవుతుందని ఒకప్పటి నమ్మకం. వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయంలో వీస్నర్, ఇబెన్ అనే పరిశోధకులు అప్పుడే పుట్టిన సల్కాటా పిల్లల్ని అయిదు గుంపులుగా విడదీసి, 5 నెలలపాటు వేర్వేరు తేమల్లో, వేర్వేరు మాంసకృత్తుల పాళ్ళతో పెంచి 2003లో ఫలితాలు ప్రచురించారు. తేమ 45 నుంచి 99 శాతం మధ్య ఉన్నవాటికన్నా పొడి గాలిలో పెరిగినవాటి గోపురాలు ఎత్తుగా వచ్చాయి. మాంసకృత్తుల ప్రభావం చాలా స్వల్పం. ఆ పరిశోధన డిప్ప ఆకారం గురించే అయినా, పిల్ల ఒంట్లో నీరు నిలబడటానికి కూడా అదే తేమ అవసరం.

కాబట్టి లక్ష్యం ఇది: పెట్టెలో తేమ 80 శాతం దగ్గర, పగలూ రాత్రీ 27 డిగ్రీల సెల్సియస్‌కి, అంటే 80 ఫారెన్‌హీట్‌కి తగ్గని వేడి, ఎండ కాగే చోట 35 నుంచి 38 డిగ్రీలు. తేమ ఉన్నప్పుడు వేడి తగ్గకూడదన్నది ముఖ్యం. పిల్లల ఊపిరితిత్తుల జబ్బులు వచ్చేది తేమ వల్ల కాదు, తేమకి చలి తోడైనప్పుడు.

గాలి, నీళ్ళ లెక్క

ఇప్పుడు చిన్న లెక్క. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి పట్టుకోగలిగిన నీటి ఆవిరి సుమారు 17.3 గ్రాములు. 30 డిగ్రీల దగ్గర 30.4 గ్రాములు. చలికాలంలో మీ హాలు 20 డిగ్రీలు, తేమ 40 శాతం అనుకోండి. ఆ గాలిలో ఉన్నది 6.9 గ్రాములే. అదే గాలి పెట్టెలోకి వెళ్ళి 30 డిగ్రీలకి వేడెక్కితే తేమ 23 శాతానికి పడిపోతుంది. నీరు ఎక్కడికీ పోలేదు, గాలి దాహం పెరిగింది. ఆ దాహం తీర్చేది పెట్టెలో ఉన్న తడి, ఆ తర్వాత పిల్ల ఒంట్లో ఉన్న నీరు.

4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు పెట్టెలో గాలి 0.45 ఘనపు మీటర్లు. 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ అంటే ఆ గాలిలో ఉండాల్సిన నీరు మొత్తం 11 గ్రాములు. రెండు టీ చెంచాలు! మరి రోజంతా నీళ్ళు చిలకరించినా తేమమీటరు 40 దాటదెందుకు? మూత లేదు కనక. గదిలోంచి వచ్చిన గాలిని 80 శాతానికి తేవడానికి ప్రతిసారీ సుమారు 8 గ్రాములు కావాలి. పైన తెరిచి ఉన్న పెట్టెలో గాలి గంటకి పదిసార్లు మారుతుందనుకుంటే రోజుకి దాదాపు 1.9 లీటర్లు ఆవిరి చెయ్యాలి. తలుపులు మూసుకునే పెట్టెలో రెండు గంటలకోసారి మారితే రోజుకి 95 మిల్లీలీటర్లు చాలు.

అందుకే యంత్రాలతో పొగమంచు పట్టించే ముందు పెట్టెకి మూత పెట్టండి. ముందు వైపు తలుపులుండి, పైన మూసి ఉన్న పీవీసీ పెట్టెలు ఇందుకు అనువైనవి. అడుగున సన్న రకం ఆర్కిడ్ బెరడు గానీ కొబ్బరి పీచు పొట్టు గానీ 3, 4 అంగుళాల మందాన పరిచి, మూలల్లో నీళ్ళు పోస్తే అడుగు తడిగా, పైభాగం ఆరినట్టుగా ఉంటుంది. ఇసుక వద్దు. తిండితోపాటు మింగితే పేగులో గడ్డకట్టుకుంటుంది. పిల్ల దూరి దాక్కోవడానికి ఒక గుహ, నేలకి సమంగా పాతిన వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్ళు ఉండాలి.

తేమమీటరుని నమ్మే ముందు

చవక తేమమీటర్లు 10 శాతం అటూ ఇటూ చూపించడం మామూలే. పరీక్షించడానికి వంటింట్లో ఉప్పు చాలు. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేదాకా కొన్ని నీటి చుక్కలు వెయ్యండి. ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతనీ తేమమీటరునీ ఒకే జిప్ సంచిలో పెట్టి, గాలి చొరకుండా మూసి, గది వేడిలో ఒక రాత్రి వదిలెయ్యండి. తడి ఉప్పు పక్కన మూసి ఉన్న గాలి 75 శాతం తేమ దగ్గర స్థిరపడుతుంది. మీటరు 68 చూపిస్తే దానికి 7 కలుపుకోవాలని మీద రాసి అతికించండి. ఆరు నెలలకోసారి మళ్ళీ చూడండి.

వేడి కొలవడానికి రెండు పరికరాలు కావాలి. గాలి వేడికి సెన్సరు, ఎండ కాగే రాయి మీద వేడికి పరారుణ కిరణాల తుపాకీ. సెన్సరు గోడ పైభాగాన పెడితే ఉపయోగం లేదు. పిల్ల వీపు ఎత్తున, దీపం నేరుగా పడని నీడలో ఉండాలి. మనం కొలవాల్సింది తాబేలు ఉండే గాలిని.

వేడి: థర్మోస్టాట్ మోసం చేసే చోట్లు

పగలు 12 గంటలు ఎండ దీపం, టైమరు మీద. రాత్రి వెలుతురు లేకుండా వేడినిచ్చే సెరామిక్ హీటరు, థర్మోస్టాట్ మీద. రాత్రి ఎర్ర బల్బులు వద్దు, తాబేలుకి చీకటి కావాలి. ఇక్కడిదాకా అందరూ చేస్తారు. చెడిపోయే చోట్లు ఆలోచించేది కొద్దిమందే.

మొదటిది, సెన్సరు తీగ జారి పెట్టె బయట పడటం. థర్మోస్టాట్‌కి గది చలి తెలుస్తుంది, హీటరుని ఆపదు. లోపల పిల్ల ఉడికిపోతుంది. రెండోది, రిలే అతుక్కుపోయి స్విచ్ ఆఫ్ కాకపోవడం. ఫలితం అదే. మూడోది, హీటరు కాలిపోయి రాత్రంతా చలి. నాలుగోది, కరెంటు పోవడం.

మొదటి రెండిటికీ విరుగుడు హీటరు వాట్లు ఎంచుకోవడంలోనే ఉంది. మీ గది చలికాలం రాత్రి 18 డిగ్రీలకి దిగుతుందనుకుందాం. పెట్టె 27 ఉండాలంటే హీటరు 9 డిగ్రీలు లేపగలగాలి. అదే హీటరు వేసవిలో గది 26 ఉన్నప్పుడు ఆగకుండా వెలిగినా పెట్టె 35 దాటదు. ఇబ్బందే కానీ మీరు చూసి సరిచేసే సమయం ఉంటుంది. "ఎందుకైనా మంచిది" అని 20 డిగ్రీలు లేపే హీటరు పెడితే అదే పొరపాటుకి పెట్టె 46కి చేరుతుంది. అక్కడ సమయం ఉండదు. అవసరానికి మించిన శక్తి ఇక్కడ భద్రత కాదు, ప్రమాదం.

అయితే పగలు ఎండ దీపం వేడి కూడా దీనికి కలుస్తుంది. కాబట్టి రెండో థర్మోస్టాట్ ఒకటి, వేరే కంపెనీది, వేరే సెన్సరుతో పెట్టి, హీటరుకీ ఎండ దీపానికీ కరెంటు దాని గుండానే వెళ్ళేలా కలపండి. చల్లని మూలలో 33 డిగ్రీలు దాటితే అది అన్నిటినీ ఆపేస్తుంది. రెండూ ఒకేసారి చెడిపోవడం అరుదు.

వైఫై స్విచ్‌లు, ఫోనులో గ్రాఫులు మనకి సరదా. పెట్టుకోండి, కానీ ఒక నియమం: వేడిని అదుపు చేసేది పెట్టె పక్కనే ఉన్న పరికరం కావాలి. అంతర్జాలం కబురు చెప్పడానికే. రౌటరు పడిపోయిన రాత్రి కూడా హీటరు పనిచెయ్యాలి. కబుర్లలోనూ రెండు రకాలు ఉండాలి: "వేడి హద్దు దాటింది" ఒకటి, "గంటసేపటి నుంచి సెన్సరు మాట్లాడటం లేదు" రెండోది. చాలామంది రెండోది పెట్టరు. బ్యాటరీ అయిపోయిన సెన్సరు ఎప్పటికీ ఫిర్యాదు చెయ్యదు.

తడి దగ్గర కరెంటు కాబట్టి తీగలన్నీ జీఎఫ్‌సీఐ ఉన్న ప్లగ్గు నుంచే రావాలి. తీగ ప్లగ్గుకి చేరే ముందు కిందికి వేలాడేలా వదిలితే జారే నీటిబొట్టు అక్కడే రాలిపోతుంది. హీటరు హోల్డరు పింగాణీదై ఉండాలి. క్లిప్పుల మీద నమ్మకం పెట్టుకోకుండా గొలుసుతో వేలాడదీయండి. క్లిప్పు ఊడి దీపం బెరడు మీద పడితే ఇల్లే అంటుకుంటుంది.

అతినీలలోహిత దీపం

తాబేలు చర్మం మీద 290 నుంచి 315 నానోమీటర్ల అతినీలలోహిత కిరణాలు పడితేనే విటమిన్ డి-3 తయారవుతుంది. అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. డిప్ప మెత్తబడుతుంది, కాళ్ళు వంకరపోతాయి. కిటికీ దగ్గర పెడితే ఎండ వస్తుంది కదా అనుకోకండి. కిటికీ అద్దం ఈ కిరణాలని ఆపేసి వేడిని మాత్రం లోపలికి పంపుతుంది. అద్దాల పెట్టె ఎండలో పెడితే చూస్తుండగానే కొలిమి అవుతుంది.

పొడవాటి టీ-5 యూవీబీ గొట్టం దీపం నమ్మకమైనది. దాని పెట్టె మీద రాసిన దూరం పాటించండి. మధ్యలో ఇనుప జాలీ ఉంటే మూడో వంతు దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కిరణాలు జాలీలోనే పోతాయని గుర్తుంచుకోండి. ఇంకో చిక్కు, దీపం కళ్ళకి మామూలుగానే వెలుగుతూ ఉంటుంది, కిరణాలు మాత్రం తగ్గిపోతాయి. యూవీ సూచిక చూపించే మీటరు ఉంటే కొలిచి మార్చండి. లేకపోతే పెట్టిన తేదీ దీపం మీద రాసి ఏడాదికోసారి మార్చేయండి. వేసవిలో రోజూ కాసేపు బయటి ఎండలో, నీడ కూడా ఉన్న చిన్న ఆవరణలో తిప్పగలిగితే ఏ దీపమూ దానికి సాటి రాదు. పైన జాలీ తప్పనిసరి. కాకులకి ఈ పిల్ల ఒక్క ముద్ద.

స్నానం, తిండి

మొదటి ఏడాది రోజూ పొద్దున 20, 30 నిమిషాలు గోరువెచ్చని నీళ్ళలో కూర్చోబెట్టండి. నీళ్ళ లోతు పై డిప్ప, కింది డిప్ప కలిసే గీత దాకా చాలు. నీళ్ళు చల్లారిపోకుండా చూడాలి, అవసరమైతే మధ్యలో మార్చాలి. ఆ నీళ్ళలో పిల్ల విసర్జించే తెల్లటి పదార్థాన్ని గమనించండి. పెరుగులానో టూత్‌పేస్టులానో మెత్తగా ఉంటే మంచిది. వేళ్ళ మధ్య ఇసుకలా గరగరలాడితే ఒంట్లో నీరు తక్కువైందని అర్థం. పైసా ఖర్చులేని ఈ పరీక్ష చెప్పేది ఏ సెన్సరూ చెప్పలేదు. స్నానపు తొట్టి వంటింటి సింకులో కడగకండి, నీళ్ళు టాయిలెట్‌లో పొయ్యండి, పట్టుకున్న ప్రతిసారీ పిల్లల చేత చేతులు సబ్బుతో కడిగించండి.

సల్కాటా గడ్డి మేసే జంతువు. పిల్లలకి ముదురు గడ్డి నమలడం కష్టం కాబట్టి లేత గడ్డి సన్నగా తరిగి ఆకుల్లో కలపాలి. డాండెలియన్ ఆకులు, మల్బరీ ఆకులు, మందార ఆకులు, పువ్వులు, ముళ్ళు తీసిన నాగజెముడు మంచివి. పెరట్లో మందుకొట్టని మొక్కలైతేనే. మన వంటింటి నుంచి మునగాకు కాస్త వెయ్యవచ్చు, కాల్షియం బాగా ఉంటుంది. పాలకూర, గోంగూర, తోటకూర మాత్రం రోజువారీ తిండిగా పనికిరావు. వాటిలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. అన్నం, రొట్టె, కుక్కల తిండి అస్సలు వద్దు. పళ్ళు అలవాటు చెయ్యకండి. వారానికి రెండుసార్లు ఆకుల మీద చిటికెడు కాల్షియం కార్బొనేట్ పొడి చల్లితే చాలు.

తూకం పట్టిక

ఒక గ్రాము దాకా చూపే వంటింటి డిజిటల్ త్రాసు కొనండి. ఈ మొత్తం సామగ్రిలో ప్రాణం కాపాడే పరికరం ఒకటే ఎంచుకోమంటే దాన్నే ఎంచుకోవాలి. తాబేలు జబ్బుని దాచుకుంటుంది. తిండి మానేసిందని మనకి తెలిసేసరికి చాలా రోజులు గడిచిపోయి ఉంటాయి. తూకం అంతకన్నా ముందు చెబుతుంది.

వారానికోసారి, ఒకే రోజు, స్నానానికి ముందే తూచండి. 40 గ్రాముల పిల్ల నీళ్ళు తాగితే రెండు మూడు గ్రాములు పెరుగుతుంది, విసర్జిస్తే అంతే తగ్గుతుంది. రోజూ చూస్తే ఆ గందరగోళమే కనిపిస్తుంది. పట్టికలో తేదీ, బరువు, డిప్ప పొడవు, విసర్జన ఎలా ఉంది, ఏం తింది అన్న అయిదు గడులు చాలు. గ్రాఫు గీస్తే బరువుని లాగరిథమ్ స్కేలు మీద గీయండి. 40 గ్రాముల పిల్లకి 4 గ్రాములు, 400 గ్రాముల పిల్లకి 40 గ్రాములు రెండూ ఒకే 10 శాతం, గీత వాలు కూడా ఒకేలా కనిపిస్తుంది. పొడవుకీ బరువుకీ మధ్య ఉండాల్సిన నిష్పత్తి అంటూ జాక్సన్ నిష్పత్తి అనేది ఒకటి కనిపిస్తుంది. అది మధ్యధరా ప్రాంతపు తాబేళ్ళ కోసం తయారైంది, సల్కాటా పిల్లలకి వాడకండి.

నియమం సులువుగా పెట్టుకోండి: వరుసగా రెండు వారాలు తగ్గితే వైద్యుడి దగ్గరికి. కళ్ళు వాయడం, ముక్కులోంచి బుడగలు, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, రెండు రోజులు తినకపోవడం కనిపిస్తే వారం కూడా ఆగొద్దు. కుక్కలు, పిల్లులు చూసే డాక్టర్లందరికీ తాబేళ్ళు తెలియవు. సరీసృపాలు, ఉభయచరాల పశువైద్యుల సంఘం తన సభ్యుల జాబితా ఇస్తుంది. పిల్ల ఇంటికి రాకముందే దగ్గరలో ఎవరున్నారో చూసి ఫోను నంబరు పెట్టె మీద అతికించండి.

ఖాళీ పెట్టెతో వారం రోజులు

పాత పెట్టె వాడదలిస్తే అడుగు బెరడు, కర్ర ముక్కలు పారేసి, సబ్బుతో కడిగి, పలచటి బ్లీచుతో తుడిచి, బాగా కడిగి ఆరబెట్టండి. బ్లీచుని అమ్మోనియా ఉన్న మరే ద్రావకంతోనూ కలపకండి, విషవాయువు వస్తుంది. శవపరీక్షలో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి బయటపడి ఉంటే బ్లీచు దానికి లెక్క కాదు. అప్పుడు కొత్త పెట్టె కొనడమే మంచిది.

తర్వాత అన్నీ బిగించి, తాబేలు లేకుండా ఏడు రోజులు నడపండి. పగలు, రాత్రి, అత్యల్పం, అత్యధికం రాసుకోండి. ఆపైన కావాలనే చెడగొట్టండి. సెన్సరుని పెట్టె బయటికి లాగి, రెండో థర్మోస్టాట్ ఎప్పుడు ఆపుతుందో చూడండి. హీటరు ప్లగ్గు పీకి, చలి కబురు ఫోనుకి ఎంతసేపట్లో వచ్చిందో చూడండి. వైఫై ఆపండి. సెన్సరు బ్యాటరీ తియ్యండి. ఒక్క పరీక్ష తప్పినా పిల్లని తేవడం వాయిదా వెయ్యండి. ఆఫీసులో పరీక్షించని కోడుని శుక్రవారం సాయంత్రం ఎక్కించని మనం, ఇంట్లో ప్రాణిని మాత్రం పెట్టెతోపాటే శనివారం కొనుక్కొస్తాం.

ఈ వారంలో పిల్లల్ని కూడా కలుపుకోండి. ఉప్పు పరీక్ష వాళ్ళ చేత చేయించండి, పట్టిక వాళ్ళని రాయమనండి. మొదటిది ఎందుకు పోయిందో తెలిసినంతవరకు నిజమే చెప్పండి. "దానికి తేమ చాలలేదేమో, అందుకే ఇప్పుడు కొలుస్తున్నాం" అన్న మాట "దేవుడి దగ్గరికి వెళ్ళింది" అన్న మాట కన్నా పిల్లలకి ఎక్కువ ఊరటనిస్తుంది. చేతికి పని దొరుకుతుంది కదా.

ఇంకా ముందు చూపు

అన్నీ బాగా జరిగితే ఏమవుతుంది? ఇది చాలామంది వేసుకోని ప్రశ్న. గాలాపగోస్, అల్డాబ్రా తాబేళ్ళ తర్వాత ప్రపంచంలో పెద్దది సల్కాటాయే. 40 కిలోలు దాటడం మామూలు, కంచెలు తోసేస్తుంది, పెరడంతా తవ్వేస్తుంది, మనకన్నా ఎక్కువ కాలం బతకవచ్చు. అపార్ట్‌మెంట్‌లో ఉండి, వీసా మీద ఉద్యోగం మారుతూ ఉండేవారు ఇది ఆలోచించాలి. అరిజోనా లాంటి చోట్ల సంరక్షణ కేంద్రాలకి పెద్ద సల్కాటాలు చేరుతూనే ఉంటాయి. చిన్నగానే ఉండిపోయే రష్యన్, హెర్మన్ జాతులు చాలా ఇళ్ళకి నయం. తేమ, వేడి అంకెలు వాటికి వేరే ఉంటాయి, కొలిచే పద్ధతి మాత్రం ఇదే.

తిరిగి ఇండియాకి వెళ్ళేటప్పుడు సూటుకేసులో పెట్టుకుని పోయే వస్తువు కాదిది. సల్కాటా అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. సరిహద్దు దాటించాలంటే అనుమతి పత్రాలు కావాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం ఇండియాలో ఇలాంటి విదేశీ జంతువుని ఉంచుకోవాలంటే నమోదు తప్పనిసరి. ఇక మన నక్షత్ర తాబేలు సంగతైతే, 2019లో అదే ఒప్పందం మొదటి అనుబంధంలోకి ఎక్కింది. ఇండియాలో దాన్ని ఇంట్లో పెంచుకోవడం నేరం. అదృష్టం వస్తుందని ఊళ్ళో ఎవరైనా తెచ్చిపెడతామంటే వద్దని చెప్పండి. అడవిలోంచి ఎత్తుకొచ్చిన తాబేలు అది.

పనులన్నీ కలిపినా రోజుకి అరగంట స్నానం, పది నిమిషాల తిండి, వారానికి అయిదు నిమిషాల తూకం. మిగతాది పెట్టె చూసుకుంటుంది. అయితే గ్రాఫులన్నీ పచ్చగా ఉన్న రోజు కూడా ఒకసారి వంగి పిల్ల కళ్ళు చూడండి. కళ్ళు తెరిచి మీ వైపు నడిచొచ్చిందా, ఆకు కొరికిందా అన్నది ఏ సెన్సరూ మీకు చెప్పదు.